నోరు కడుక్కుని రండి

దుప్పట్ల గది,
ఆస్పత్రి వెనక వరస

చిట్టీ,

అక్క దీవెనలు. మీ ఇంట్లో అందరూ బాగున్నారని తలుస్తాను. పిన్ని పోయినప్పుడు నిన్ను చూడటమే, మళ్ళీ కలవలేదు. ఇన్నాళ్ళకి రాస్తూ, అదీ పని పడి రాస్తున్నందుకు ఏమీ అనుకోకు.

మా తమ్ముడు, మన పిడుగు, ఇంట్లో లేడు. వానలు మొదలైన రోజుల్లో, ఓ పొద్దున నేను డ్యూటీకి వచ్చాక వెళ్ళిపోయాడు. వానలు వెనకబట్టాయి, వాడు మాత్రం రాలేదు. ఫోను మంచం మీదే పెట్టి వెళ్ళాడు. వెల్డింగు చేసేటప్పుడు మొహానికి పెట్టుకునే తొడుగు మేకుకి అలాగే వేలాడుతోంది. పోలీసులు రాసుకున్నారు. "పెళ్ళాంతో పోట్లాటా?" అన్నారు. వాడికి పెళ్ళే కాలేదన్నాను. "మరి మీతోనా?" అన్నారు. మీ బావ పోయాక ఆ ఇంట్లో ఉన్నదే మేమిద్దరం, మాకు రోజూ పోట్లాటే, ఏమని చెప్పను? పెద్దవాడు, తనంతట తను వెళ్ళాడు, తనే వస్తాడు అనేశారు.

తర్వాత వాడి మంచం కింద ఊడుస్తుంటే కంట్లో వేసుకునే చుక్కల సీసా దొరికింది. మా ఆస్పత్రి కళ్ళ విభాగంలో నర్సుకి చూపించాను. ఆవిడ రికార్డు తీసి నన్ను కూర్చోబెట్టింది. వాడి కళ్ళ లోపల ఒత్తిడి పెరుగుతోందట. పోయిన చూపు ఎలాగూ రాదు, ఉన్నది నిలవాలంటే బతికినన్నాళ్ళూ రోజూ ఆ చుక్కలు వేసుకోవాలట, మానేస్తే మొత్తం పోతుందట. వాడికి ఇదంతా చెప్పారట. నాకు ఒక్క ముక్క చెప్పలేదు. వర్క్‌షాపుకి వెళ్ళి అడిగితే, అతుకులు వంకర పోతున్నాయని అంతకుముందే మాన్పించేశామన్నారు. అంటే పొద్దున్నే డబ్బా కట్టించుకుని ఎక్కడికెళ్ళి కూర్చునేవాడో!

సీసా ఇక్కడుంది. వాడెక్కడో ఉన్నాడు. నాకు ముద్ద దిగడం లేదు.

గోడలకి కాగితాలు అంటించాను. మా రిసెప్షన్ అమ్మాయి, నెట్‌లో ఒక పేజీ పెట్టండి ఆంటీ, చూసినవాళ్ళు అందులోనే రాస్తారు అంది. ఆ పని నీదే కదా అని గుర్తొచ్చింది. నువ్వే చేసి ఇవ్వగలవు, తెలుసు. కానీ నాకు నేర్పు. వాడి గురించి వచ్చే ప్రతి మాటా నా చేతి మీదుగా రావాలి. నేను చదివింది హైస్కూలే అయినా దుప్పట్ల లెక్క కంప్యూటర్లో రాస్తున్నాను, టైపు వచ్చు. ఫోన్లో మాత్రం వద్దమ్మా. నీ గొంతు వింటే ఏడుపొస్తుంది, ఏడుస్తూ నేర్చుకోవడం నా వల్ల కాదు. ఇలా రాసి పంపు.

అక్క

•

ఆఫీసు,
కిటికీ పక్క బల్ల

అక్కా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పిడుగు నన్ను 'చిట్టక్కా' అని పిలిచి వెనక నుంచి జడ లాగేవాడు. ఆ కళ్ళకా ఇలా అయింది!

నేర్పుతాను. విను. మీ గదికి ఒక్కో వార్డు నుంచి మురికి దుప్పట్ల మూట వస్తుంది కదా, దానికి వార్డు చీటీ కట్టి ఉంటుంది కదా. ఫారం కూడా అంతే. పేజీలో గడులుంటాయి. రాసేవాళ్ళ పేరుకి ఒకటి, ఎక్కడ చూశారో దానికి ఒకటి, చెప్పదలచుకున్నదానికి ఒకటి. ప్రతి గడికీ నువ్వొక చీటీ కట్టాలి, అంటే లోపలి పేరు ఒకటి పెట్టాలి. చూసేవాళ్ళకి అది కనబడదు. వాళ్ళు 'పంపు' నొక్కగానే మూటలన్నీ సర్వర్‌కి, అంటే మా పెద్ద కంప్యూటర్‌కి వస్తాయి. అక్కడ నీ స్క్రిప్టు, అంటే ఏం చేయాలో వరసగా రాసిన ఆదేశాలు, ఉంటుంది. నువ్వు పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాషలో రాద్దువుగాని, మొదలుపెట్టేవాళ్ళకి అదే సులువు. వచ్చినవన్నీ పోస్ట్ అనే ఒక పెద్ద సంచిలో ఉంటాయి. ఆ సంచిలో చెయ్యి పెట్టి "చూసిన చోటు అనే చీటీ ఉన్న మూట ఇవ్వు" అంటే ఇస్తుంది. దాన్ని ఫైల్లో రాసుకుంటావు. ఇంతే పని.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. బయటి నుంచి వచ్చే దేన్నీ నమ్మకూడదు. ఫారం అందరికీ తెరిచిన తలుపు. మంచివాడూ రాస్తాడు, పనిలేనివాడూ రాస్తాడు. అందుకే వచ్చినదాన్ని పేజీలో చూపించే ముందు శుభ్రం చేసే ఆదేశం ఒకటుంది, అది తప్పకుండా వాడాలి. నీ ఫోన్ నంబరు మాత్రం పేజీలో పెట్టకు. ఒంటరిగా ఉంటున్నావు.

పాఠం విడిగా ఫైల్లో రాసి పంపాను. సర్వర్‌లో నీకు కొంచెం చోటు ఇచ్చాను. తప్పులొస్తాయి, వస్తే భయపడకు.

చిట్టి

•

దుప్పట్ల గది

చిట్టీ,

నాలాంటి మొద్దుకి నేర్పుతున్నావు, దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ పాఠం చూసి అచ్చం అలాగే కొట్టాను. 'పంపు' నొక్కితే తెల్ల పేజీ. మళ్ళీ నొక్కితే మళ్ళీ తెల్ల పేజీ. నీ సర్వర్‌ని పాడుచేశాననుకుని చెమటలు పట్టాయి. చూడగా చూడగా ఒక వరస చివర పెట్టాల్సిన గుర్తు పెట్టలేదు. ఆ చిన్న గుర్తుకి అంత పంతమా? మా హెడ్ నర్సు కూడా అంతే, సంతకం కింద గీత లేకపోతే దుప్పట్లు ఇవ్వనివ్వదు.

అది సరిచేశాక పేజీ వచ్చింది గానీ 'చూసిన చోటు' ఎప్పుడూ ఖాళీగా వచ్చేది. గడికి ఒక చీటీ కట్టి, స్క్రిప్టులో ఇంకో చీటీ పేరుతో అడుగుతున్నాను. అది లేదంటుంది, నేను ఉందంటాను. తమ్ముడుంటే పడీ పడీ నవ్వేవాడు.

ఇప్పుడు పనిచేస్తోంది. మొదటి సందేశం నేనే రాసి పంపాను. ఏమని రాశానో అడక్కు. దేవుడికి రాశాను. "అందింది. మీకు మేలు జరగాలి" అని పేజీ నాకే జవాబు చెప్పింది. ఆ మాట పెట్టింది నేనే, అయినా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

బయటి నుంచి వచ్చేదాన్ని నమ్మొద్దన్నావు. మా గదిలోనూ అంతే. వార్డు నుంచి వచ్చిన దుప్పటి తెల్లగా కనిపించినా మురికిదే అనుకుంటాం, చేతికి తొడుగు లేకుండా ముట్టుకోం. కాబట్టి ఆ ముక్క నాకు బాగానే ఎక్కింది.

వాడి ఫొటో పైన పెట్టాను. వర్క్‌షాపు ముందు నిలబడి పళ్ళికిలించినది. అంతకన్నా మంచిది లేదు.

అక్క

•

ఆఫీసు

అక్కా,

శభాష్! నా దగ్గర డిగ్రీలు పట్టుకుని వచ్చినవాళ్ళు కూడా చీటీ తప్పు పట్టుకోవడానికి పూటంతా తీసుకుంటారు.

నాకు తెలిసినవాళ్ళందరికీ పేజీ పంపాను. వాళ్ళు ఇంకొందరికి పంపుతామన్నారు. రేవుల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్ళ గుంపులకి కూడా వెళ్ళింది. వాడు ఎక్కడున్నా ఇనుము ఉన్నచోటే ఉంటాడని నా నమ్మకం.

తింటున్నావా? నిజం చెప్పు.

చిట్టి

•

దుప్పట్ల గది

చిట్టీ,

ఏం చెప్పను? మొదట మంచివాళ్ళే రాశారు. ఒకాయన బస్టాండులో చూశానన్నాడు. పరుగెత్తుకుని వెళ్ళాను, వేరే ఎవరో. ఒకావిడ మా కోసం ప్రార్థన చేస్తున్నానని రాసింది. నేనూ ఆవిడ కోసం చేశాను.

తర్వాత మొదలైంది చెత్త. ఎవరు రాస్తారో తెలియదు, ఎందుకు రాస్తారో అసలు తెలియదు. నన్నూ, చచ్చి స్వర్గాన ఉన్న అమ్మనీ పట్టుకుని మాటలు. నిన్న పేజీ తెరిచినప్పుడు పక్కన ఇస్త్రీ చేసే ఆవిడ ఉంది. ఆవిడ చదివేసి మొహం తిప్పుకుంది. నేను కంప్యూటర్ ఆర్పేసి బాత్రూములోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. చేతులెందుకు కడుక్కున్నానో నాకే తెలియలేదు.

రోజూ పొద్దున దణ్ణం పెట్టుకుని ఆ పేజీ తెరుస్తాను. తెరవగానే ఆ బూతులు. ఇంక నా వల్ల కాదు. వాటిని గుమ్మం బయటే ఆపే దారి ఉంటే చెప్పు. లేదంటే పేజీ మూసేస్తాను.

అక్క

•

ఇంటి నుంచి

అక్కా,

మూసేయకు. దారి ఉంది.

రాకూడని మాటల జాబితా ఒకటి స్క్రిప్టులో పెట్టు. ఏ సందేశం వచ్చినా ముందు దాంతో పోల్చమని చెప్పు. అందులో ఏ ఒక్క మాట కనిపించినా స్క్రిప్టు దాన్ని నీదాకా రానివ్వదు, రాసినవాడికి నువ్వు పెట్టిన జవాబు చూపించి తిప్పి పంపుతుంది. ఎలా రాయాలో కింద పెట్టాను.

కానీ ఒక్క మాట. తిప్పి పంపినవాటిని పూర్తిగా పారేయకుండా పక్కన ఒక ఫైల్లో పడేయమను. నువ్వు చూడనక్కర్లేదు, ఊరికే ఉంటాయి. వచ్చినదాన్ని పారేయడం మా పనిలో తప్పు. మీరు మాత్రం మురికి దుప్పటిని పారేస్తారా, ఉతుకుతారు గానీ?

జాబితా నువ్వే తయారుచేసుకో. నాకు తెలిసినవి పంపుదామంటే, నువ్వు నన్ను చిన్నప్పటిలాగా చెవి మెలిపెడతావని భయం.

చిట్టి

•

దుప్పట్ల గది

చిట్టీ,

పెట్టాను. మూడుసార్లు తప్పు చూపించి నాలుగోసారి ఒప్పుకుంది.

ఆ జాబితా రాయడం ఒక శిక్ష అనుకో. నా చేత్తో ఏనాడూ అలాంటి అక్షరం రాయలేదు. అసలు నాకెన్ని తెలుసని? కూర్చుని ఆలోచిస్తే ఒకటీ తట్టలేదు. తర్వాత తమ్ముణ్ణి తలుచుకున్నాను. ఇంక చూడు, వరసగా వచ్చేశాయి. మోటారు ఆడకపోతే ఒకటి, చెప్పు తెగితే ఒకటి, కూరలో ఉప్పు తక్కువైతే ఒకటి, నామీద ప్రేమొచ్చినా ఒకటే. వాడి నోట విన్నవన్నీ గుర్తు తెచ్చుకుని రాసేశాను. వాడు పక్కనుంటే "ఇంకో పది చెబుతా రాసుకో" అనేవాడు. రాస్తూ నవ్వాను చిట్టీ, ఇన్నాళ్ళకి నవ్వాను. తర్వాత దేవుణ్ణి క్షమించమని అడిగాను.

తిప్పి పంపేటప్పుడు ఏం చెప్పాలో కూడా నేనే రాశాను. "నోరు కడుక్కుని రండి" అని పెట్టాను. కటువుగా ఉందంటావా? వాడు గుమ్మంలో తిట్టుకుంటూ వచ్చినప్పుడల్లా నేననేది అదే కదా. నోరు కడుక్కుని రారా అనేదాన్ని. వాడు నిజంగానే పెరట్లోకి వెళ్ళి పుక్కిలించి, "కడిగాను, ఇక వడ్డించు" అంటూ వచ్చేవాడు.

పక్కన దాచమన్నావు. వద్దు. అలాంటి మాటలు నా ఇంట్లో ఏ మూలా ఉండకూడదు. దుప్పటిని ఉతకొచ్చు, మాటని ఉతకలేం.

అక్క

•

ఆఫీసు

అక్కా,

స్క్రిప్టు చూశాను. బాగా రాశావు. ఒక చోట బ్రాకెట్టు సరిచేశాను, అంతే.

జాబితా చూసి మాత్రం మా ఆయన, నేను గంటసేపు నవ్వుకున్నాం. అందులో 'వెధవ' కూడా పెట్టావేంటి? అది తిట్టు కిందకే రాదు. మా ఆఫీసులో రోజుకి అందరూ ఒకసారైనా అంటారు. అది తీసెయ్యి.

చిట్టి

•

దుప్పట్ల గది

చిట్టీ,

తీయను. మా ఇంట్లో ఏనాడూ ఆ మాటకి ఒప్పుకోలేదు. అమ్మ ఉన్నప్పుడూ లేదు, తర్వాతా లేదు. అక్కడ ఒప్పుకోనిది ఇక్కడెందుకు ఒప్పుకుంటాను? నన్ను ఛాదస్తురాలనుకో, పరవాలేదు.

పేజీ ఇప్పుడు శుభ్రంగా ఉంది. పొద్దున్నే హాయిగా తెరుస్తున్నాను.

అక్క

•

దుప్పట్ల గది,
చలి ముదిరింది

చిట్టీ,

నీ దగ్గర్నుంచి కబురు లేదు. పని ఎక్కువగా ఉందనుకుంటాను.

పేజీ శుభ్రంగా ఉందని సంతోషించాను. ఇప్పుడు ఆ శుభ్రం చూస్తేనే భయమేస్తోంది. రోజూ తెరుస్తాను, ఏమీ ఉండదు. కళ్ళ నర్సుని అడిగాను, మందు లేకుండా ఎన్నాళ్ళు ఉండగలడు అని. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. దేవుణ్ణి ఇదివరకు వాణ్ణి ఇంటికి తీసుకురమ్మని అడిగేదాన్ని. ఇప్పుడు ఒక కన్నైనా ఉంచమని అడుగుతున్నాను. అడగడం అలా తగ్గిపోతోంది.

నిన్న ఒక వింత జరిగింది. మా అంబులెన్సు డ్రైవర్, చాలా మంచివాడు, దుప్పట్ల కోసం వచ్చి, "మీ పేజీ నన్ను తిట్టిందమ్మా" అన్నాడు. ఏం రాశావయ్యా అంటే, "మీ తమ్ముడి పోలికలున్న మనిషిని లారీలో చూశాను, ఆపమంటే ఆ డ్రైవర్ వెధవ ఆపలేదు, అని రాశాను. నోరు కడుక్కోమంది" అన్నాడు. అది చాలా రోజుల కిందటి మాటట. లారీ ఎటు వెళ్ళిందో ఇప్పుడు ఆయనకి గుర్తు లేదు.

నేను నవ్వాననుకుంటావా? నువ్వు చెప్పావు, ఆ మాట తీసెయ్యమని. పారేసినవి చూసే దారి ఏమైనా ఉందా? లేదని తెలుసు, దాచొద్దన్నది నేనే. అయినా అడుగుతున్నాను.

అక్క

•

ఆఫీసు

అక్కా,

నీ ఉత్తరం అందింది. చూస్తాను. కొంచెం టైము ఇవ్వు.

ఒక సంగతి అడుగుతాను, ఎందుకని అడక్కు. పిడుగు నిన్ను అక్కా అని కాకుండా ఇంకేమైనా పేరు పెట్టి పిలిచేవాడా?

చిట్టి

•

దుప్పట్ల గది

చిట్టీ,

ఎందుకడిగావో గానీ, ఆ మాట తలుచుకుంటేనే ప్రాణం లేచొచ్చింది. 'దుప్పట్ల దేవత' అనేవాడు. నేను పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటుంటే వెనకొచ్చి నిలబడి, "ఓ దుప్పట్ల దేవతా, నీ భక్తుడికి కాఫీ ప్రసాదించు" అనేవాడు. బయటివాళ్ళెవరికీ తెలియదు ఆ పేరు. ఇంట్లోనే.

ఏదో దొరికింది కదూ? దొరికింది. లేకపోతే నువ్వు అలా అడగవు. దాచకు. మంచైనా చెడైనా రాయి. నేను కూర్చునే ఉన్నాను.

అక్క

•

ఇంటి నుంచి

అక్కా,

ఆలస్యానికి కారణం ఉంది. ఇది చదివేటప్పుడు పక్కన ఇస్త్రీ ఆవిడనో, నర్సునో కూర్చోబెట్టుకో.

నువ్వు వద్దన్నా నేను స్క్రిప్టులో ఒక వరస పెట్టాను. బ్రాకెట్టు సరిచేసినప్పుడే. తిప్పి పంపినవన్నీ పక్క ఫైల్లో పడేలా. పని నేర్చిన చేతి అలవాటు. పెట్టి మర్చిపోయాను. నీ ఉత్తరం వచ్చాకే తెరిచాను. నెలకోసారైనా తెరిచి ఉండాల్సింది.

దాన్నిండా చెత్తే. ఆ చెత్త మధ్యలో ఇవి ఉన్నాయి. తిట్లున్న చోట 'తిట్టు' అని మాత్రం రాస్తున్నాను.

మొదటిది:

"ఓ దుప్పట్ల దేవతా, నేనే. నా ఫొటో పెట్టావట, అందులో నా మొహం (తిట్టు)లా ఉందని ఇక్కడందరూ నవ్వుతున్నారు. కుడి కన్ను పోయింది. ఎడమది పొగ పట్టినట్టుంది. నా మంచం కింద చుక్కల సీసా ఉంటుంది చూడు. దాని మీదున్న పేరు రాసి పంపు. ఇక్కడి మందుల షాపు (తిట్టు), పేరు చెప్పందే ఇవ్వనంటున్నాడు. పాత ఓడలు విరిచే చోట ఉన్నాను. నీ నంబరు గుర్తు లేదు, ఫోన్లోనే ఉండిపోయింది. క్యాంటీన్ ఆయన ఫోన్లో చెప్పి రాయిస్తున్నాను."

రెండోది, ఆ వెంటనే వచ్చింది:

"అక్కా, నేనేనని చెబుతున్నా కదా (తిట్టు). మందు పేరు ఒక్కటి చెప్పు చాలు. నీకు బరువవ్వను. ఇంటికి రానులే."

మూడోది మర్నాడు:

"అమ్మగారికి నమస్కారం. నేను ఇక్కడ క్యాంటీన్ నడుపుతాను. మీ తమ్ముడు చెబుతుంటే రాస్తున్నాను. కోపం ఉంచుకోవద్దని చెప్పమంటున్నాడు. నోరు కడుక్కున్నానని చెప్పమంటున్నాడు. ఈ వెధవకి ఇంటికి రావాలని ఉందని చెప్పమంటున్నాడు."

దీన్నీ స్క్రిప్టు తిప్పి పంపింది, అక్కా.

నువ్వు పేరు చెప్పగానే మా ఆయనా, నేనూ ఆ ఓడలు విరిచే చోటికి వెళ్ళాం. అందుకే ఆలస్యం. వాణ్ణి వెంటబెట్టుకునే నీకు రాద్దామనుకున్నాను. క్యాంటీన్ ఆయన దొరికాడు. వాడు దొరకలేదు.

ఆయన చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను, దాస్తే నువ్వు నన్ను క్షమించవు. మొదటిసారి పంపగానే జవాబు వచ్చిందట. ఆయన చదివి వినిపించాడట. పిడుగు ఎగిరి గంతేశాడట. "మా అక్కే! ఇది మా అక్క మాటే! ఇంత తొందరగా వచ్చిందంటే అక్కడే కూర్చునుంది" అన్నాడట. రెండోసారి అదే జవాబొచ్చాక లేచి వెళ్ళి పడుకున్నాడట. మర్నాడు ఆయనే, నేను మర్యాదగా రాస్తాలే అని రాశాడు. అంతకుముందు పిడుగు నిజంగానే కుళాయి దగ్గరికి తడుముకుంటూ వెళ్ళి నోరు పుక్కిలించి వచ్చి కూర్చున్నాడట. మూడోసారీ అదే జవాబు. "చదివే తిప్పి పంపుతోంది. సరేలే, చాలా ఏళ్ళు మోసింది" అన్నాడట. అది స్క్రిప్టు చెప్పే జవాబని, అక్కడ మనిషి ఉండదని వాళ్ళెవరికీ తెలియదు. ఎలా తెలుస్తుంది?

ఆ వారంలోనే పాత ఇనుము ఎత్తుకెళ్ళే లారీ ఎక్కి వెళ్ళిపోయాడట. ఎవరి లారీయో, ఎటు వెళ్ళిందో ఎవరూ చెప్పలేకపోయారు. అప్పటికి మనిషి అలికిడిని బట్టి నడుస్తున్నాడన్నారు.

అక్కా, జాబితా ఎలా పెట్టాలో నేర్పింది నేను. ఫైలు తెరవకుండా కూర్చున్నది నేను. నీ తప్పు ఏమీ లేదని రాద్దామనుకుంటే చెయ్యి రావడం లేదు, ఎందుకంటే నువ్వు నమ్మవు. నేను బయల్దేరి నీ దగ్గరికి వస్తున్నాను.

చిట్టి

•

ఇంట్లో,
వాడి మంచం మీద కూర్చుని

చిట్టీ,

నువ్వు వచ్చేలోపల రాయాలని రాస్తున్నాను. ఎదురుగా ఉంటే చెప్పలేను.

నిన్ను ఏమీ అనను. నువ్వు ఆ వరస పెట్టకపోతే వాడు పిలిచాడని కూడా నాకు తెలిసేది కాదు. తెలియకపోతే బాగుండేదేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం తర్వాత దేవుడి ముందు కూర్చున్నాను. దణ్ణం పెట్టడానికి చేతులు లేవలేదు. ఊరికే కూర్చున్నాను.

ఒక్కటే అడుగుతాను. వాడి మాటల్లో 'తిట్టు' అని రాసిన చోట వాడన్నది ఏమిటో అదే రాసి ఇవ్వు. ఒక్కటీ మార్చకుండా. వాడి మాట వాడి నోటితో వినాలి నాకు.

నువ్వు రాకముందే నేను కొన్ని పనులు చేశాను. స్క్రిప్టు తెరిచి జాబితా మొత్తం తీసేశాను. పోల్చే వరసలు కూడా తీసేశాను. 'నోరు కడుక్కుని రండి' అన్నది తీసేటప్పుడు పక్క వరస కూడా పోయింది, తెల్ల పేజీ వచ్చింది. ఈసారి భయపడలేదు, సరిచేసుకున్నాను. పేజీలో ఫొటో కన్నా పైన, పెద్ద అక్షరాల్లో మందు పేరు పెట్టాను. రోజుకి ఎన్నిసార్లు వేయాలో పెట్టాను. నా ఫోన్ నంబరు పెట్టాను. నువ్వు వద్దంటావు, తెలుసు. కింద, "ఎవరైనా ఇతనికి చదివి వినిపించండి. జవాబు చెప్పింది అక్క కాదని చెప్పండి" అని రాశాను. చదివి వినిపించేవాడు దొరకాలి. వినడానికి వాడుండాలి.

చెత్త మళ్ళీ వస్తోంది. నంబరు పెట్టాక ఫోన్లు కూడా. అన్నీ వింటున్నాను, అన్నీ చివరిదాకా చదువుతున్నాను. ఇస్త్రీ ఆవిడ, "ఎందుకమ్మా ఆ పాపం" అంటుంది. నిన్న ఒకడు అమ్మ మీద చాలా పెద్దది రాశాడు. ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చదివాను. వాడు కాదు. వాడి తిట్టులో నవ్వు ఉంటుంది, ఇందులో లేదు.

ఏం మార్చినా పరీక్షించకుండా వదలొద్దని నీ మొదటి పాఠంలో ఉంది. తీసేసిన మాటలు నిజంగా లోపలికి వస్తున్నాయో లేదో చూడాలంటే, ఎవరో ఒకరు అలాంటిది రాసి పంపాలి కదా. ఇంకెవర్ని అడగను? నేనే కూర్చుని, పేరు గడిలో 'అక్క' అని కొట్టాను. చూసిన చోటు అన్నది వదిలేశాను. మూడో గడిలో, యాభై ఏళ్ళలో నోట రానిది, చేత్తో రాశాను.

"ఒరేయ్ వెధవా, ఇంటికి రారా."

పంపు నొక్కాను.

"అందింది" అంది.

అక్క